గుండె లయ తప్పితే ముందు గడ్డ సంగతి చూడండి

రిపోర్టులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం) అని కనబడగానే అందరి దృష్టీ గుండె దడ మీదికే పోతుంది. ప్రాణానికి చేటు తెచ్చేది చాలాసార్లు దడ కాదు, రక్తపు గడ్డ. పై గదులు ముడుచుకోకుండా వణుకుతూ ఉంటే ఎడమ పై గదికి ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది కదిలి మెదడుకు చేరితే పక్షవాతం. దడ అసలు తెలియనివాళ్లకూ ఈ ముప్పు అంతే. అందుకే ముందు గడ్డ కట్టకుండా మందు, దాంతోపాటే వేగానికి కళ్లెం, లయను దారికి తేవడం ఆ తర్వాత.

నాడి చూడటం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది, ఈ జబ్బులో రెండు దెబ్బల మధ్య ఎడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి. బలహీనమైన దెబ్బలు మణికట్టు దాకా రావు కూడా. అందుకే డాక్టరు స్టెతస్కోపుతో విన్న లెక్క మీ లెక్క కంటే ఎక్కువ వస్తే కంగారు పడకండి. బీపీ మిషన్ కూడా తడబడుతుంది. మూడుసార్లు చూసి సగటు రాసుకోండి. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్ లాంటి మందులతో, కూర్చున్నప్పుడు గుండె వేగం నిమిషానికి 110 లోపు ఉంటే మొదట్లో చాలామందికి చాలు. ఆయాసం తగ్గకపోతే ఇంకా దించుతారు.

ఇక పలచన మందు. రక్తం పలచనకి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) వేసుకుంటున్నాం కదా అంటారు. ఈ గడ్డకు అది చాలదు, పైగా రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. ఏ మందు అన్నది ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు తేలుస్తుంది. అందులో మైట్రల్ స్టెనోసిస్ (గుండెలోని మైట్రల్ కవాటం, అంటే వాల్వు, ఇరుకవడం) అన్న మాట ఉందేమో చూడండి. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం కవాటాన్ని పాడుచేస్తే వచ్చేది అది. మన దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉంది. అది ఒక మోస్తరుగానో తీవ్రంగానో ఉన్నా, లోహపు వాల్వు వేసి ఉన్నా పాతరకం పలచన మందులైన వార్ఫరినో అసిట్రోమో వాడాలి. ఇలా కీళ్లవాతపు జ్వరంతో గుండె దెబ్బతిన్నవారి మీద చేసిన ఇన్విక్టస్ పరీక్షలో, 2022లో, కొత్తరకం మందు రివరాక్సబాన్ కంటే పాతవే మెరుగని తేలింది. మిగతావారికి వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, పాత పక్షవాతం లెక్కేసి, అవసరమైతే అపిక్సబాన్ లాంటి కొత్తవి ఇస్తారు. వీటికి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష, అంకె పెరిగితే పలచన ఎక్కువైనట్టు) అక్కర్లేదు గానీ కిడ్నీ పరీక్ష తప్పదు. రివరాక్సబాన్ 15, 20 మి.గ్రా. బిళ్లలు కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టవు.

అసిట్రోమ్ వాడేవారికి చిక్కులెక్కువ. 1, 2, 3, 4 మి.గ్రా. బిళ్లలు దొరుకుతాయి. షాపులో కొత్త స్ట్రిప్ ఇవ్వగానే అంకె చదవండి, రంగు చూసి నమ్మకండి. సాయంత్రం వేసుకుంటే మేలు: పొద్దున ఐఎన్‌ఆర్ ఇస్తే, డాక్టరు మార్చిన మోతాదు ఆ రాత్రికే మొదలవుతుంది. ఈ జబ్బుకు ఐఎన్‌ఆర్‌ను సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. వాల్వును బట్టి ఇంకాస్త ఎక్కువ ఉంచవచ్చు. మరచిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాడు మాత్రం రెండు కలిపి వేయకండి.

ఆకుకూరలు మానేయమని ఎవరో ఒకరు చెబుతారు. మానక్కర్లేదు. తోటకూర, పాలకూర, మునగాకు వారానికి ఎంత తింటున్నారో దాదాపు అంతే తింటూ ఉండండి. ఒక్కసారిగా పెరిగితే ఐఎన్‌ఆర్ పడిపోతుంది, మానేస్తే పెరుగుతుంది. కార్తీకమాసం ఉపవాసాలప్పుడు, వారం రోజులు జ్వరంతో తిండి లేనప్పుడు పెరగడం మామూలే, అప్పుడొకసారి పరీక్ష చేయించండి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికని పిరుదుకు సూది వేయించుకుంటే, లోపల రక్తం చేరి తొడ నల్లగా ఉబ్బిపోవడం ఈ రోగుల్లో జరిగేదే. సూది వద్దని ముందే చెప్పండి.

లయ సరిచేయడానికి దారులు మూడు: మందులు, ఛాతీకి ఇచ్చే విద్యుత్ షాక్, అబ్లేషన్. మందుల్లో అమియోడరాన్ బాగా పనిచేస్తుంది, చాలా విషయాల్లో ఇబ్బందీ పెడుతుంది. మొదలుపెట్టేముందు, తర్వాత ఆరునెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయించాలి. అది మొదలైతే అసిట్రోమ్ మోతాదు బాగా తగ్గించాల్సి రావచ్చు, కాబట్టి కొన్ని వారాలపాటు వారానికోసారి ఐఎన్‌ఆర్ చూడాలి.

షాక్ ఇచ్చేముందు, దడ 48 గంటలు దాటినా ఎప్పుడు మొదలైందో తెలియకపోయినా, కనీసం 3 వారాలు పలచన మందు సక్రమంగా వాడి ఉండాలి. లేదా అన్నవాహిక గుండా చేసే ఎకోతో గడ్డ లేదని చూసుకోవాలి. షాక్ తర్వాత ఇంకో 4 వారాలు మందు తప్పకూడదు. లయ కుదిరినా పై గది వెంటనే పూర్తి బలంతో ముడుచుకోదు.

అబ్లేషన్‌లో ఊపిరితిత్తుల సిరలు గుండెలో కలిసేచోట కణజాలాన్ని కాల్చో, అతిచల్లదనంతో గడ్డకట్టించో, విద్యుత్ పల్స్‌తోనో చుట్టూ గీత గీసినట్టు వేరుచేస్తారు. వచ్చిపోయే దడ ఉన్నవారికి ఎక్కువ ఫలితం, ఏళ్ల తరబడి నిలిచిపోయినవారికి తక్కువ. దీన్ని చేసేది గుండె లయ నిపుణుడు, ఎలక్ట్రోఫిజియాలజిస్టు. ఏడాదికి ఎన్ని చేస్తారు, రెండోసారి ఎందరికి అవసరమైంది అని మొహమాటం లేకుండా అడగండి. తర్వాత మొదటి 2, 3 నెలల్లో దడ వస్తే అబ్లేషన్ విఫలమైనట్టు కాదు, గాయం మానుతోందంతే. దడ పోయిందని పలచన మందు సొంతంగా ఆపకండి.

మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, మనిషి చివరిసారి బాగున్నది ఏ సమయానికో, ఏ పలచన మందు ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

అబ్లేషన్ అయిన రెండు నెలల్లోపు జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి వస్తే మామూలు జ్వరమనుకుని ఇంట్లో ఉండకండి. అరుదే గానీ, గుండెకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడే ప్రమాదముంది. అప్పుడు ఎండోస్కోపీ చేయకూడదు, ముందు ఛాతీ సీటీ చేయాలి. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే అబ్లేషన్ తేదీ చెప్పండి.