గూగుల్ డాక్స్‌లో సంపాదకుల వ్యాఖ్యలు కనిపించనప్పుడు

కథనో వ్యాసాన్నో గూగుల్ డాక్స్ ద్వారా పంపిన తరువాత, చదివి సూచనలు రాశామని సంపాదకుల నుంచి కబురు వస్తుంది. తీరా ఫైల్ తెరిచి చూస్తే పక్కన ఒక్క వ్యాఖ్య కూడా ఉండదు. ఇలాంటప్పుడు వ్యాఖ్యలు పూర్తిగా చెరిగిపోయి ఉండడం అరుదు. అవి దొరికేంతవరకు రచనలో ఒక్క వాక్యాన్ని కూడా మార్చకుండా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి వ్యాఖ్యా ఏదో ఒక పదానికో వాక్యానికో ముడిపడి ఉంటుంది కనుక, ఆ భాగాన్ని తొలగించి కొత్తగా రాస్తే వ్యాఖ్య పక్క నుంచి మాయమై పాత వ్యాఖ్యల జాబితాలోకి చేరిపోతుంది. అది దేనిని ఉద్దేశించి రాసిందో పోల్చుకోవడం అప్పుడు కష్టమవుతుంది.

మొదట తెరిచిన ఫైల్ సరైనదేనా అన్నది చూడాలి. ఫైల్‌కు కాపీ తీసేటప్పుడు వ్యాఖ్యలను, సూచనలను కూడా కాపీ చేయమనే గడిలో టిక్ పెట్టకపోతే, కాపీలో రచన మాత్రమే వస్తుంది. సంపాదకులు తమ కాపీలో రాసి మీరు మీ మూల ఫైల్‌లో వెతికినా ఇదే జరుగుతుంది. కాబట్టి వారు పంపిన లింక్ నుంచే తెరవండి. ఒకే బ్రౌజర్‌లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలు ఉన్నవారు, ఏ ఖాతాకు అనుమతి ఇచ్చారో ఆ ఖాతాతోనే తెరిచారో లేదో చూసుకోవాలి. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఖాతాకు వ్యాఖ్యలు కనిపించకపోవచ్చు.

ఫైల్ సరైనదే అయితే, వ్యూ మెనూలోని కామెంట్స్ దగ్గర హైడ్ అన్న ఎంపిక ఉందేమో చూసి, అన్నిటినీ చూపించే ఎంపికకు మార్చాలి. వ్యాఖ్య వేరు, సవరణ సూచన వేరు అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రచనలోనే రంగు అక్షరాలతోనూ కొట్టివేతలతోనూ కనిపించే సవరణలు, కుడివైపు పైన ఉండే మోడ్ వ్యూయింగ్‌లో ఉంటే కనిపించవు. దానిని ఎడిటింగ్‌కు మార్చాలి. 2024లో వచ్చిన ట్యాబ్‌ల సదుపాయాన్ని వాడే ఫైల్ అయితే, ఎడమవైపున ఉన్న మిగతా ట్యాబ్‌లను కూడా తెరిచి చూడండి.

అప్పటికీ కనిపించకపోతే, కంప్యూటర్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఇంగ్లీషు ‘A’ మీటలను కలిపి నొక్కితే వ్యాఖ్యలన్నీ ఒక జాబితాగా తెరుచుకుంటాయి. పరిష్కారమైనట్లు ఎవరో టిక్ కొట్టిన వ్యాఖ్యలు, ఆధార వాక్యం తొలగిపోయిన వ్యాఖ్యలు అక్కడ దొరుకుతాయి. పొరపాటున టిక్ కొట్టినవాటిని అక్కడి నుంచే మళ్లీ తెరవవచ్చు.

సంపాదకులు వర్డ్ ఫైల్ పంపితే రివ్యూ ట్యాబ్‌లో నో మార్కప్ ఉన్నచోట ఆల్ మార్కప్ ఎంచుకోండి. పీడీఎఫ్‌గా దించుకున్న ఫైల్‌లో మాత్రం వెతకకండి, వ్యాఖ్యలు సాధారణంగా అందులోకి రావు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. వ్యాఖ్య కనిపిస్తుంది, కానీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల వరుసగా కనిపిస్తుంది. అచ్చు రంగంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలు ఇచ్చే ప్రమాణానివి) కావు; ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను చూపిస్తాయి. వ్యాఖ్య పెట్టెలో ఫాంట్ మార్చుకునే వీలు లేదు కనుక, పుటల కూర్పుకు వాడే పేజ్‌మేకర్ నుంచి తెచ్చి అతికించిన అను తెలుగు అక్కడ అలాగే చెదిరిపోతుంది. ఆ వరుసను కాపీ చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనంలో వేస్తే చాలావరకు చదవగలిగే రూపం వస్తుంది. వాక్యానికి బదులు ఖాళీ గడులు కనిపిస్తే, అక్షరాలు సరైనవే కానీ పరికరంలో తెలుగు ఫాంట్ లేదని అర్థం. విండోస్‌లో గౌతమి లేదా నిర్మలా యూఐ ఉందేమో చూడండి.

ఇవన్నీ చూశాక కూడా ఫలితం లేకపోతే సంపాదకులకే రాయాలి. ఏ ఖాతాతో, ఏ లింక్ తెరిచారో చెప్పి, మీ తెర ఫొటోను జతచేసి, వారి తెర ఫొటోను కూడా పంపమని కోరండి. రెండిటినీ పక్కపక్కన పెడితే ఫైల్ పేరులోనో మోడ్‌లోనో ఉన్న తేడా బయటపడే అవకాశం ఎక్కువ.