ప్రేమకథలు రాసేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచేముందు

కలంపేరుతో రాస్తుంటే, ఇంట్లో అందరి దగ్గరా ఉన్న ఫోన్ నంబరుతో ఖాతా తెరవకండి. కొత్త మెయిల్ పెట్టుకుని, కాంటాక్ట్స్ అప్‌లోడ్ ఆపేయండి. లేకపోతే మీ కలంపేరు బంధువుల ఫోన్లలో ఫాలో అవ్వమనే సూచనగా కనబడొచ్చు.

బయోకి, అంటే ఖాతా పేరు కింద కనబడే పరిచయానికి, 150 అక్షరాలే. తెలుగులో అవి తొందరగా అయిపోతాయి, ఎందుకంటే గుణింతం ఒకటిగా, ఒత్తు రెండుగా విడిగా లెక్కకొస్తాయి. "ప్రేమ" చూడటానికి రెండక్షరాలు, లెక్కలో ఐదు. కలంపేరు, ఎలాంటి కథలు రాస్తారు, ఈ రెండూ చాలు. కథ లింకు కూడా బయో దగ్గరే పెట్టాలి, క్యాప్షన్‌లో పెడితే నొక్కినా తెరుచుకోదు.

కథలోంచి ఒక ఘట్టాన్ని 1080×1350 పిక్సెళ్ల బొమ్మలుగా చేసి వరసగా పెట్టండి. ఒక్కో బొమ్మలో మాటలు మరీ ఎక్కువైతే ఫోన్లో చదవడం కష్టం. ఉదాహరణకి, అలిగిన అమ్మాయి తలుపు గడియ మీద చెయ్యి వేసేచోట ఆపేయండి, తెరిచిందో లేదో లింకులో చదువుకుంటారు. డీటీపీలో వాడే అనూ ఫాంట్లలో టైపు చేసిన కథని ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లలో మామూలుగా కనబడే తెలుగులోకి మార్చాలి, నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి. కొన్ని డిజైన్ యాప్‌లు ఒత్తులు విడగొడతాయి. "లక్ష్మి", "స్త్రీ" టైపు చేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. సినిమా తారల ఫొటోలు మాత్రం వద్దు, హక్కుదారు ఫిర్యాదు చేస్తే పోస్టు పోతుంది.

శృంగారం రాసే ఆడవాళ్లకి వెకిలి మెసేజులు రావడం నిజంగా బాధాకరం. సెట్టింగ్స్‌లో, మనం చేర్చిన మాటలున్న మెసేజుల్ని దాచేసే హిడెన్ వర్డ్స్ తెరిచి ఆ బూతుమాటల్ని తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ చేర్చండి. చాలామంది రెండో పద్ధతిలోనే టైపు చేస్తారు.