బడిలో క్రిప్టో విరేచనాలు: బ్లీచింగ్ పనిచేయని చోట ఏం చేయాలి

ఒకే తరగతిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుని మూడు నాలుగు రోజులైనా తగ్గకపోతే, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని అనుమానించండి. ఒంట్లోకి చేరిన 2 నుంచి 10 రోజుల్లో, ఎక్కువగా వారానికి, బయటపడుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం దీని లక్షణం. మామూలు మల పరీక్షలో తరచూ దొరకదు. డాక్టరు చీటీలో దీని పేరు ప్రత్యేకంగా రాయించాలి. వేర్వేరు రోజుల్లో మరిన్ని నమూనాలు ఇవ్వాల్సి రావచ్చు.

బడులు బోల్తాపడేది శుభ్రం చేసేటప్పుడే. విరేచనంతో బయటికొచ్చే ఊసిస్ట్‌లకు (ఈ పరాన్నజీవి గుడ్డులాంటి రూపానికి) గట్టి పెంకు ఉంటుంది. మామూలు మోతాదు క్లోరిన్‌కు అవి చావవు, ఆల్కహాల్ శానిటైజర్‌కూ లొంగవు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కుళాయి నీటి ద్వారానే సుమారు 4 లక్షల మందికి ఈ జబ్బు సోకిందని అంచనా. కాబట్టి తరగతి గుమ్మంలో శానిటైజర్ సీసా పెట్టి ఊరుకుంటే లాభం లేదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, పారే నీటి కింద కడుక్కోవాలి. సబ్బు వాటిని చంపదు, చేతుల మీంచి వదిలిస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, తినేముందు, చిన్నపిల్లల చేతులు పెద్దవాళ్లే దగ్గరుండి కడిగించాలి.

మరుగుదొడ్డి సీటు, గొళ్లెం, కుళాయి తిప్పే పిడి, ఆటవస్తువులు ముందు సబ్బునీళ్లతో కడగండి. మురికి మీద ఏ మందు పోసినా వృథాయే. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బాగా తడిపి, 20 నిమిషాలు ఆరిపోకుండా చూసి, కడిగేయండి. చాలామంది పోసిన వెంటనే తుడిచేస్తారు, అక్కడే పని చెడుతుంది. దీన్ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి. వేడిని తట్టుకునే గిన్నెలు, వస్తువులైతే పని ఇంకా సులువు: 72 డిగ్రీల వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచితే చాలు.

తాగునీటి మీద అనుమానముంటే తెర్లకాగాక ఒక నిమిషం మరగనివ్వండి, ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. ఫిల్టరైతే 1 మైక్రాన్ 'అబ్సొల్యూట్' అని, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా పెద్ద రేణువును పోనివ్వనిదని, రాసి ఉన్నదే కావాలి.

విరేచనాలు ఆగాక 48 గంటలు దాటేదాకా పిల్లలను బడికి రానివ్వొద్దు. వంటవాళ్లకూ ఇదే నియమం. విరేచనాలు ఆగినా ఊసిస్ట్‌లు మలంలో పోతూనే ఉంటాయి కనుక ఈత కొలనుకు మాత్రం రెండు వారాలు దూరం. దూడల నుంచి కూడా ఇది సోకుతుంది కనుక, వాటి కొట్టానికి పిల్లలను తీసుకెళ్తే అక్కడ తిననివ్వకండి, బయటికి రాగానే చేతులు కడిగించండి.

ఆరోగ్యవంతులైన పిల్లలకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా, మాటిమాటికీ తాగించాలి. దీనికి ఇచ్చే నైటాజోక్సనైడ్ అనే మందు వాడాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకుపోయినా, పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నా, రోగనిరోధక శక్తి తక్కువున్నా ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి పిల్లల ఇంటికి బడిలో మొదటి కేసు తేలిన రోజే కబురు చేయండి.