ఇంటి పైకప్పు రిపేరు: కాంట్రాక్టర్ చేతిలో మోసపోకుండా పని చేయించుకోవడం ఎలా?

పైకప్పు పనిలో మోసం చేయడం తేలిక. ఇంటివాళ్లు డాబా ఎక్కి చూసేది తక్కువ, ఎక్కినా పూతకింద ఏముందో కనపడదు. కారడం మళ్లీ మొదలయ్యేది వచ్చే వానాకాలంలో. అప్పటికి ఆ కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. అందుకే పని మొదలుపెట్టకముందే ఏమేం చూడాలో, ఎప్పుడు చూడాలో తెలుసుకోండి.

1. తలుపు తట్టినవాళ్లకు పని అప్పగించకండి

గాలివాన వెలిసిన మర్నాడు "పక్క వీధిలో చేస్తున్నాం, మెటీరియల్ మిగిలింది, సగం రేటుకే చేసిపెడతాం" అంటూ వచ్చేవాళ్లుంటారు. నిజంగా పని తెలిసినవాడికి ఆ రోజుల్లో ఊపిరాడదు, ఇల్లిల్లూ తిరిగే తీరిక ఎక్కడిది? "ఈరోజే ఓకే అంటేనే ఈ రేటు" అన్నాడంటే మాట అక్కడితో ఆపేయండి. అలాంటివాళ్లను ఒంటరిగా పైకి ఎక్కనివ్వొద్దు కూడా. పెంకు పగలగొట్టో, రేకు బోల్టు వదులుచేసో ఫోటో తీసి చూపించడం పాత ఎత్తు. ఎవరినైనా ఎక్కించే ముందు మీరే పైకప్పంతా వీడియో తీసి ఉంచుకోండి.

2. నీరు ఎక్కడ దిగుతోందో తేల్చండి

స్లాబులో నీరు దిగిన చోటే కింద కారాలని లేదు. సన్నటి పగుళ్ల వెంట పాకి ఇంకెక్కడో బయటపడుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలు, వాననీటి గొట్టాల మూతులు, నీళ్ల ట్యాంకు అడుగు ముందుగా చూడండి. వానలు లేని రోజుల్లోనూ చెమ్మ ఆరకపోతే ట్యాంకునో, పైపులనో, పై అంతస్తు బాత్రూంనో అనుమానించాలి. అప్పుడు డాబా అంతా కోటింగ్ వేయించినా డబ్బు దండగే. ఇవేవీ చూడకుండా, టేపు పెట్టి కొలవకుండా "మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయాల్సిందే" అనేవాడు మీకు అక్కర్లేదు.

3. కొటేషన్‌లో పని మొత్తం రాయించండి

ముగ్గురిని అడగండి. కానీ రేట్లకంటే ముందు ఎవరు ఏ పని చేస్తామన్నారో పోల్చి చూడండి. ఎన్ని చదరపు అడుగులు, ఏ కంపెనీ మెటీరియల్, ఎన్ని కోటింగులు, నాచు గీకి పగుళ్లు పూడ్చే ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లలో ముగుస్తుంది... అన్నీ కాగితం మీద ఉండాలి. మరీ తక్కువ కొటేషన్‌లో ఎగిరిపోయేది తరచుగా ఆ గీకుడు, పూడ్పు పనే. మట్టి, నాచు మీద ఎంత ఖరీదైనది పూసినా పొరలుగా లేచిపోతుంది.

పని మధ్యలో "తీరా తవ్వాక తెలిసింది, ఇంకొంత అవుతుంది" అంటారు. ఒక్కోసారి అది నిజమే. మీ కళ్లతో చూసి, రేటు రాయించుకున్నాకే సరే అనండి.

4. పాత పనులు చూడండి

కనీసం ఒక వానాకాలం దాటిన ఇళ్లే చూపించమనండి. నిన్న పూసిన డాబా ఎవరిదైనా బాగానే ఉంటుంది.

5. డబ్బు విడతలుగా ఇవ్వండి

అడ్వాన్స్ కొంతే ఇవ్వండి. వీలైతే మెటీరియల్ మీరే కొనండి. చివరి విడత నీళ్ల పరీక్ష (7వ అంశం చూడండి) అయ్యాకే.

6. డబ్బాలు లెక్కపెట్టండి

మోసం ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. డబ్బాలు సీలుతో రావాలి, మీ ముందే విప్పాలి, గడువు తేదీ చూడాలి. లీటరు ఎంత మేరకు వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. ఉదాహరణకు రెండు కోటింగులకు లీటరుకు 20 చదరపు అడుగులు అని ఉంటే, 1000 చదరపు అడుగుల డాబాకు 50 లీటర్లు కావాలి. 20 లీటర్ల డబ్బా ఒక్కటే దిగిందంటే మిగతా కొరత నీళ్లు కలిపి తీరుస్తారన్నమాట. ఖాళీ డబ్బాలను పని ముగిసేదాకా కదలనివ్వకండి. మొదటి పూత డబ్బా మీద చెప్పినంతసేపు ఆరాకే రెండోది వేయాలి. ప్రతి పొరకూ ఫోటో తీసుకోండి.

7. నీళ్లు నిలిపి చూడండి

పూత పూర్తిగా గట్టిపడ్డాక గొట్టాల మూతులు మూసి, రెండంగుళాల నీళ్లు 24 నుంచి 48 గంటలు నిలపండి. కింద చెమ్మ కనపడకూడదు. కడ్డీలు బయటపడిన పాత స్లాబైతే ముందు ఇంజనీరును అడగాలి, అది నీటి బరువు ఆపుతుందో లేదో. రేకులు, పెంకులైతే పైపుతో కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి తడుపుతూ పోండి. ఏ వరుస దగ్గర కారిందో తెలుస్తుంది.

8. గ్యారంటీ ఎవరిదో అడగండి

కంపెనీ వారంటీ మెటీరియల్‌కు, కాంట్రాక్టర్ గ్యారంటీ పనికి. రెండూ విడివిడిగా రాతలో ఉండాలి. కారితే ఎన్ని రోజుల్లో వచ్చి బాగుచేస్తాడో, కూలీ ఖర్చు ఎవరిదో కూడా అందులో రాసి సంతకం పెట్టమనండి. చివరి విడత డబ్బు ఇంకా మీ దగ్గరుండగానే ఈ కాగితం తీసుకోండి.