‘హ్యాపీ’ అనే మాట మూలాన్ని వెతకడం ఎలా?

‘హ్యాపీ’ అనగానే మనకు సంతోషం స్ఫురిస్తుంది. ఆ మాట మూలాన్ని వెతకదలచినవారు ముందుగా ఈ అర్థాన్నే కాసేపు పక్కన పెట్టాలి. అర్థాలను కాలక్రమంలో చూపే చారిత్రక నిఘంటువును తెరిచి, అన్నిటికంటే పాత అర్థం దగ్గర ఆగండి. 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు ‘హ్యాపీ’కి అదృష్టం కలిసివచ్చిన మనిషి అని అర్థం, మనసులోని ఆనందం ఆ తరువాత దానికి అంటుకున్నది.

తరువాత మాటను విడదీయాలి. ‘హ్యాప్’ అంటే అదృష్టం, తటస్థించినది. ఇది స్కాండినేవియా ప్రజల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. చివరి ‘ఈ’ మన ‘వంతుడు’ వంటి ప్రత్యయం. అంటే ‘హ్యాపీ’ నిర్మాణంలో మన ‘అదృష్టవంతుడు’కు సరిజోడు.

ఇక దాని బంధువులను పోగుచేయండి. అసలైన రుచి ఇక్కడే ఉంది. తటస్థించడమే ‘హ్యాపెన్’, అనుకోని కీడు ‘మిస్‌హ్యాప్’, అదృష్టం లేనివాడు ‘హ్యాప్‌లెస్’. రోజూ ఎన్నోసార్లు వాడే ‘పర్హాప్స్’లోనూ అదే ‘హ్యాప్’ దాగి ఉన్నదని, అది మొదట ‘ఏమో, తటస్థిస్తే’ అన్నట్టి మాట అని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

పక్క భాషలను కూడా తప్పక చూడాలి. జర్మన్‌లో ‘గ్లూక్’ అనే ఒకే మాట అదృష్టానికీ ఆనందానికీ చెల్లుతుంది. ఫ్రెంచి ‘బోనర్’ను విడదీస్తే మంచి శకునం అని వస్తుంది. అయితే ఆనందాన్ని చెప్పే ప్రతి మాటా అదృష్టం నుంచే పుట్టిందని తొందరపడకూడదు: ‘గ్లాడ్’ పాత ఇంగ్లిషులో మెరిసేదానికి చెప్పిన మాట. మన ‘సంతోషం’లోని ‘తుష్’ ధాతువుకు తృప్తి చెందడమని అర్థం.

చివరగా, తెలిసినదాన్ని అనువాదంలో పరీక్షించండి. ‘హ్యాపీ కోఇన్సిడెన్స్’ను ‘సంతోషకరమైన యాదృచ్ఛికత’ అని రాస్తే పాత అర్థం జారిపోతుంది, తెలుగూ కృతకమవుతుంది. ఆ మాటలో ఇంకా బతికి ఉన్నది అదృష్టమే కనుక, ‘అనుకోకుండా కలిసివచ్చింది’ అంటే చాలు.