రెమింగ్టన్ 870 పాతదో కొత్తదో ఎలా గుర్తించాలి?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఇలియన్ కర్మాగారంలో 1950లో తయారీ మొదలైన రెమింగ్టన్ 870 పంప్ షాట్‌గన్ల (గొట్టం కింది పట్టు అయిన పంపును ముందుకూ వెనక్కూ జరిపి తూటా ఎక్కించే తుపాకుల) సంఖ్య 2009లో కోటికి చేరింది. ఇన్నేళ్లలో పైరూపం పెద్దగా మారలేదు కాబట్టి, వాడిన తుపాకీ కొనేవారు తేడాలను దగ్గరగా చూసి పట్టుకోవలసి ఉంటుంది.

ముందుగా గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా పంపును పూర్తిగా వెనక్కి లాగి, చాంబర్‌లోనూ (పేలే తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్‌లోనూ (మిగతా తూటాలు నిల్వ ఉండే భాగం) తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

తర్వాత మెరుగు చూడండి. నిగనిగలాడే నీలినలుపు ఉక్కు, వాల్‌నట్ కర్ర ఉంటే అది సాధారణంగా వింగ్‌మాస్టర్ అనే రకం. మెరుపులేని గరుకు పైపూత ఉంటే, 1987లో తక్కువ ధరకు తెచ్చిన ఎక్స్‌ప్రెస్ అనే రకం కావచ్చు. అయితే వింగ్‌మాస్టర్ తయారీ ఆ తర్వాత కూడా కొనసాగింది కనుక మెరుపును బట్టి వయసు చెప్పడం పొరపాటు.

వయసు కోసం గొట్టం ఎడమవైపు, రిసీవర్‌కు (యంత్రభాగాలు ఉండే తుపాకీ నడిమి పెట్టెకు) దగ్గరగా ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. వాటిలో మొదటిది నెల: బ్లాక్‌పౌడర్ అనే ఇంగ్లీషు మాటలోని 11 అక్షరాలకు చివర ఎక్స్ చేరిస్తే వరుసగా 12 నెలలు వస్తాయి, బి అంటే జనవరి, ఎల్ అంటే ఫిబ్రవరి. రెండోది సంవత్సరం. ఈ గొట్టాన్ని మూత విప్పి నిమిషంలో మార్చేయవచ్చు కాబట్టి, తెలిసేది గొట్టం వయసే తప్ప రిసీవర్ వయసు కాదు.

నా దృష్టిలో అసలైన తేడా అడుగున ఉంది. తుపాకీని తిరగేసి, తూటాను పైకెత్తే క్యారియర్ పలకను చూడండి. పాతవాటిలో అది గట్టి పలక. మ్యాగజైన్ నుంచి జారిన తూటా బోల్ట్ (చాంబర్‌ను వెనకనుంచి మూసే కదిలే దిమ్మ) కింద ఇరుక్కుంటే పంపు బిగుసుకుపోయేది. 1980లలో ఆ పలకలో యు ఆకారపు చీలిక పెట్టి, మధ్యభాగం వంగేలా చేయడంతో, అలా ఇరుక్కున్నా పంపును వెనక్కి లాగే వీలు కలిగింది. పాతదంతా బంగారమని వాదించేవారు ఈ ఒక్క సంగతి దాటేస్తుంటారు. ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా తొడుగును చాంబర్ నుంచి లాగే కొక్కెం), ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే రక్షణ చట్రం) విషయంలో మాత్రం వారి మాట నిజమే: చెక్కిన ఉక్కు, అల్యూమినియం ఉన్నచోట కొత్త ఎక్స్‌ప్రెస్‌లలో పొడి లోహపు అచ్చుభాగం, ప్లాస్టిక్ వచ్చాయి.

చివరగా చాంబర్ పొడవు. ఎక్స్‌ప్రెస్ గొట్టాలు 3 అంగుళాల తూటాకు సరిపోతాయి. పాత వింగ్‌మాస్టర్లలో చాలావాటికి 2.75 అంగుళాలే హద్దు. గొట్టం మీద 2.75 అని ఉంటే పొడవైన తూటా లోపలికి వెళ్లినట్టే కనిపించినా, పేలినప్పుడు విచ్చుకునే కొసకు చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీది అంకెకూ రిసీవర్‌కూ పొంతన కుదరకపోతే, తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపించేదాకా కాల్చవద్దు.