క్లిప్‌బోర్డు కనిపిస్తే ఆగి చదవండి: కాలిఫోర్నియా తెలుగు ఓటర్లకు కొన్ని జాగ్రత్తలు

నవంబర్‌లో ప్రాపొజిషన్లు (జనం నేరుగా ఓటేసి తేల్చే చట్టాలు) ఓటుకొచ్చే ఏడాది, కాలిఫోర్నియాలో నెలల ముందునుంచే షాపుల గుమ్మాల దగ్గర క్లిప్‌బోర్డులు కనిపిస్తాయి. ఆ ప్రాపొజిషన్లను బ్యాలెట్ ఎక్కించే పిటిషన్ల మీద, పేషెంట్ల కోసమనో, బడుల కోసమనో ఒక్క సంతకం అడుగుతారు. చేతిలో కూరల సంచులు, పక్కన పిల్లలు. మొహమాటానికి పెట్టేసి వచ్చేస్తాం. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

అన్నిటికన్నా ముందు సిటిజన్లు కానివాళ్ల సంగతి. గ్రీన్‌కార్డు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, విజిట్‌కు వచ్చిన అమ్మానాన్నలు ఏ పిటిషన్ మీదా సంతకం పెట్టకూడదు. అది రిజిస్టరైన ఓటర్ల హక్కు. అదే బల్ల మీద ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం కూడా ఉండొచ్చు. అందులో అమెరికా పౌరులమని టిక్ పెడితే ఇమిగ్రేషన్ చిక్కులు మెడకు చుట్టుకుంటాయి, దేశం వదిలి వెళ్లాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. వాకింగ్‌కు వెళ్లే పెద్దవాళ్లకు ఇంట్లోనే చెప్పి ఉంచండి.

ఇక ఓటు ఉన్నవాళ్లు. రైల్‌రోడ్ కంపెనీ గుప్పిట్లో ఉన్న రాష్ట్రంలో ప్రజలే నేరుగా చట్టం చేసుకోవాలని 1911లో గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో తెచ్చిన హక్కు ఇది. 2026 బ్యాలెట్ ఎక్కాలంటే మామూలు చట్టానికి 5,46,651, రాజ్యాంగ సవరణకు 8,74,641 చెల్లే సంతకాలు కావాలి, అదీ 180 రోజుల్లో. వలంటీర్లతో ఇది అయ్యే పని కాదు. అందుకే సంతకాలు సేకరించేవాళ్లలో చాలామందికి సంతకానికి ఇంత అని డబ్బిస్తారు. అది తప్పేమీ కాదు, చట్టం ఒప్పుకున్నదే. అయితే ఆ మనిషి చెప్పే రెండు ముక్కల మీద సంతకం పెట్టకండి. పైన అటార్నీ జనరల్ ఇచ్చిన టైటిల్, సారాంశం చదవండి. 'మీకు డబ్బిస్తున్నారా?' అని అడగండి. అడిగే హక్కు మీకుందని పిటిషన్ మీదే అచ్చేసి ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టింది ఎవరో చెప్పే 'అఫీషియల్ టాప్ ఫండర్స్' వివరాలూ చూపించమనండి.

పేరు చూసి మోసపోవడం ఎంత తేలికో 2024 నాటి ప్రాపొజిషన్ 34 చెబుతుంది. దాని పేరు 'ఇప్పుడే పేషెంట్లను కాపాడండి'. మందుల డిస్కౌంట్లతో వచ్చే ఆదాయంలో 98 శాతం కొన్ని వైద్య సంస్థలు వైద్యానికే ఖర్చు పెట్టాలన్నది సారాంశం. వినగానే ఎవరు కాదంటారు? దాని వెనక ఉన్నది మాత్రం అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం. అద్దెల నియంత్రణ కోసం 2018, 2020, 2024లలో ప్రాపొజిషన్లు తెచ్చిన వైద్య సంస్థ ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్‌కు కళ్లెం వేయడమే అసలు పని. ఆ నియమం ఎవరికి వర్తిస్తుందంటే: పదేళ్లలో వైద్యం కాని వాటి మీద పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చు, నడిపే ఇళ్లలో కనీసం 500 తీవ్రమైన ఉల్లంఘనలు... ఈ షరతులు ఆ ఒక్క సంస్థకే కొలత తీసి కుట్టినట్టున్నాయి. స్వల్ప తేడాతో నెగ్గింది కూడా. ఆ ఫౌండేషన్ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఓటేసినవాళ్లలో ఎంతమందికి ఇది అద్దెల గొడవని తెలుసన్నదే నా బాధ.

2020లో ప్రాపొజిషన్ 22 కోసం ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ లాంటి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించాయి. డ్రైవర్లను ఉద్యోగులుగా చూడక్కర్లేదన్నది అందులోని విషయం. దాన్ని సవరించాలంటే శాసనసభలో ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలని లోపలే రాసుకున్నారు. అందుకని సవరణ షరతులేమిటో తప్పక చూడండి. తర్వాత సరిదిద్దుకుందాంలే అనుకోవడానికి అన్నిసార్లూ వీలుండదు.

డబ్బున్నవాళ్లే ఎప్పుడూ గెలుస్తారనీ కాదు. 2022లో డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయల్ లాంటి కంపెనీలు ఆన్‌లైన్ బెట్టింగ్‌ను ఇళ్లు లేనివాళ్లకు సాయమని ప్రచారం చేస్తే, 80 శాతానికి పైగా జనం వద్దన్నారు. ఇలా డబ్బు కుమ్మరించేది కంపెనీలొక్కటే అనుకోవద్దు, యూనియన్లూ దిగుతాయి.

పోస్టులో వచ్చే 'ఓటరు గైడ్' కార్డులతో జాగ్రత్త. పార్టీ సిఫార్సులా కనిపిస్తాయి. ప్రాపొజిషన్ నంబరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో వెతకండి. ఉంటే, అక్కడ కనిపించడానికి వాళ్లు డబ్బు కట్టారని అర్థం. రాష్ట్రం పంపే అసలు గైడ్ వేరే ఉంటుంది. అందులో లెజిస్లేటివ్ అనలిస్ట్ (ఏ పార్టీకీ చెందని, శాసనసభకు లెక్కలు చూసే ఆఫీసు) రాసిన విశ్లేషణ ముందు చదవండి, తర్వాతే ఇరుపక్షాల వాదనలు.

రిఫరెండం (శాసనసభ చేసిన చట్టం ఉండాలా వద్దా అన్న ఓటు) అయితే ఒకప్పుడు 'ఎస్', 'నో' దగ్గర తికమక ఉండేది. 2016లో ఓటుకొచ్చిన ప్లాస్టిక్ సంచుల నిషేధాన్ని ఆపాలని సంతకాలు సేకరించింది సంచుల కంపెనీలే. కానీ బ్యాలెట్ మీద ఎస్ అంటే నిషేధం ఉండాలని. 2023లో చేసిన చట్టంతో రాష్ట్ర రిఫరెండంలో ఎస్, నో బదులు చట్టాన్ని ఉంచాలా, రద్దు చేయాలా అని అడుగుతారు.

తొందరపడి సంతకం పెట్టేశారా? పిటిషన్ దాఖలయ్యేలోపు కౌంటీ ఎన్నికల ఆఫీసుకు రాతపూర్వకంగా అడిగితే మీ సంతకం వెనక్కి తీసుకోవచ్చు. బ్యాలెట్ మీద ఏదైనా ఎంత చదివినా అర్థం కాకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, మిగతా ఓట్లు మామూలుగానే లెక్కిస్తారు.